సొంతంగా చేస్తే నిజంగా మిగిలిందా? ఒక మోటారు డబ్బ, 92 గంటలు, ఒక లెక్క

(వీడియో ఎపిసోడ్‌కు అక్షర రూపం. డేటా తక్కువున్నోళ్లు, బస్సులో చూసేవాళ్లు, వినడం కంటే చదవడం ఇష్టపడేవాళ్ల కోసం.)

 

ఈ రోజు సోల్డరింగ్ ఐరన్ పక్కకు పెట్టి, కాల్క్యులేటర్ తీసుకుని కూర్చున్న. ఎందుకంటే బోధన్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, మార్కెట్‌లో మొబైల్ స్టార్టర్ కొనాలంటే వేలల్లో చెప్తున్నరు. పార్ట్స్ తెచ్చుకుని నేనే చేస్తే సగం పైసలకు అయితది కదా? నేను ఎట్లాగూ ఖాళీగనే ఉన్న" అని అడిగిండు.

ఈ ప్రశ్న చదవంగనే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే 2017లో ఇదే మాట నేను మా బాపుతో అన్న. అచ్చం ఇదే మాట. ఆ తర్వాత ఏమైందో ఇన్నేళ్లలో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఇవాళ చెప్త. లెక్కతో సహా చెప్త.

ముందు కథ

నేనప్పుడు నిజామాబాద్‌లో డిప్లొమా రెండో సంవత్సరం. మా ఊరు బోధన్ దగ్గర. అటు వైపు వాళ్లకు తెలుసు, ఒకప్పుడు ఆ ప్రాంతమంతా చెరుకే. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు అందరి లెక్క దాని చుట్టే తిరిగేది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి దాన్ని మూసేశారు. కొందరు చెరుకును దూరం మిల్లులకు పంపుకున్నరు, చాలామంది వరికి మారిండ్రు. మేము కూడా కొంత వరి, కొంత పసుపు వేసినం. నీళ్లకు బోరు, దానికి 5 హెచ్‌పీ మోటారు.

ఆ రోజుల్లో వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది. మా ఫీడర్‌కు ఒక విడత రాత్రి పూట. బాపు టార్చిలైట్ పట్టుకుని ఒడ్డు మీద నడుచుకుంటూ పోయి మోటారు వేసి రావాలె. పాములు, తేళ్లు, తడి నేల, స్టార్టర్ డబ్బలో కరెంటు. ఇంట్ల అమ్మకు ఆయన తిరిగొచ్చేదాకా నిద్ర పట్టకపోయేది.

షాపులో మొబైల్ స్టార్టర్ అడిగితే 3,500 చెప్పిండు. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అయితది, ఇంకోసారి చేస్తే ఆఫ్ అయితది. నేనేమన్న? "బాపూ, గది కొనొద్దు. నేను పదిహేను వందలల్ల చేసిస్త. పది రోజులు ఆగు."

పది రోజులు కాదు. పది వారాలు పట్టింది.

ఎందుకు అంత టైం పట్టింది?

నేను సోమరిగ ఉన్ననని కాదు. రోజూ దాని మీదనే ఉన్న. కానీ ఒక్కొక్క చిన్న విషయం ఒక్కొక్క వారాన్ని మింగింది.

మొదటిది పవర్. నేను తెచ్చింది సిమ్ 800ఎల్ అనే జీఎస్ఎం మాడ్యూల్. చూడటానికి గోరంత ఉంటది. దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యనే ఇవ్వాలె. నేను ఆర్డ్యునో బోర్డు నుంచి నేరుగా 5 వోల్టులు ఇచ్చిన. ఒకటి కాలిపోయింది. రెండోది తెచ్చి వోల్టేజీ తగ్గించి ఇచ్చిన. అది ఆన్ అయితది, నెట్‌వర్క్ కోసం వెతుకుతది, మళ్ల రీసెట్ అయితది. ఎందుకంటే సిగ్నల్ పంపే క్షణంలో అది దాదాపు 2 ఆంపియర్ల కరెంటు గుంజుతది. సన్నటి వైరు, చిన్న అడాప్టర్ అంత ఇయ్యలేవు. వోల్టేజీ ఒక్కసారి కిందికి పడిపోతది, మాడ్యూల్ ఆరిపోతది. వేరే బక్ కన్వర్టర్ పెట్టి, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే తప్ప అది నిలబడలే.

రెండోది సిమ్. అప్పుడు మా ఇంట్ల అందరి చేతుల్లో కొత్తగా జియో. అదే సిమ్ తీసి మాడ్యూల్‌లో పెట్టిన. రెండు రోజులు నెట్‌వర్క్ రాలే. కోడ్ తప్పేమో అని పదిసార్లు మార్చిన. అసలు సంగతేందంటే ఆ మాడ్యూల్ 2జీది, అప్పుడు జియో 4జీ మాత్రమే. ఎన్ని రోజులు చూసినా రాదు. పాత 2జీ సేవ ఉన్న వేరే కంపెనీ సిమ్ పెడితే ఒక్క నిమిషంల వచ్చింది.

మూడోది సామాన్లు. నిజామాబాద్‌ల నాకు దొరకలే. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయిన. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి. ఒక రోజు పోయింది.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది. అది కింద చెప్త.

లెక్క తీద్దాం

ఇది తర్వాత కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క. వీడియోలో స్క్రీన్ మీద పెట్టిన, చదివేవాళ్ల కోసం ఇక్కడ ఇస్తున్న.

పైసలు:
- మొదట కొన్న పార్ట్స్: 1,450
- కాలిపోయిన మాడ్యూల్ బదులు కొత్తది: 380
- బస్సు, తిండి: 520
- మొత్తం: 2,350 రూపాయలు

గంటలు:
- వీడియోలు చూడటం, చదవటం: 20
- కోఠి ప్రయాణం: 11
- సోల్డరింగ్, వైరింగ్: 14
- పవర్ సమస్య: 18
- నెట్‌వర్క్ సమస్య: 9
- పొలం దగ్గర బిగించటం: 12
- మళ్ల విప్పి సరిచేయటం: 8
- మొత్తం: 92 గంటలు

కొంటే 3,500. చేస్తే 2,350. మిగిలింది 1,150. దాన్ని 92తో భాగించండి. గంటకు పన్నెండున్నర రూపాయలు.

నా దోస్తు ఒకడు అప్పుడు సెలవుల్లో సీసీ కెమెరాలు బిగించే ఆయన వెంట హెల్పర్‌గా పోయేటోడు. రోజుకు 350 ఇచ్చేటోళ్లు. గంటకు నలభై పైనే. అంటే వాడితో పాటు నాలుగు రోజులు పోయినా నాకు 1,400 వచ్చేవి. నేను 92 గంటల్లో "మిగిల్చిన" దాని కంటే ఎక్కువ.

ఖాళీగ ఉన్నోని టైంకు విలువ ఉందా?

ఇప్పుడు తమ్ముడు అడిగిన అసలు మాటకు వద్దాం. "నేను ఖాళీగనే ఉన్న కదా."

ఇంట్లో చేసే పనికి కూడా టైం రూపంలో ఖర్చు ఉంటదని ఆర్థికశాస్త్రంలో పద్ధతిగా రాసినాయన గ్యారీ బెకర్. అమెరికా ఆయన, 1965లో రాసిన వ్యాసం అది. విషయం మనకు తెలిసిందే. ఒక గంట ఒక పనికి ఇస్తే అదే గంటల చేయగలిగిన ఇంకో పని పోయినట్టే. ఆ పోయిన పని విలువే ఈ పనికి అసలు ధర.

కానీ ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తరు. "సాఫ్ట్‌వేర్ వాళ్లకు గంటకు ఇన్ని వందలు, కాబట్టి నా గంట కూడా అంతే" అని లెక్కేస్తరు. అట్ల కాదు. ఆ గంటకు మీకు నిజంగా ఎవరైనా అంత ఇస్తున్నరా? ఇస్తలేకపోతే ఆ అంకె మీది కాదు.

ఇంకో వైపు, "నాకు పని లేదు కాబట్టి నా గంట విలువ సున్నా" అనటం కూడా తప్పే. కనీసం ఒక ఆధారం చూద్దాం. ఉపాధి హామీలో తెలంగాణకు 2024-25లో రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటలు అనుకుంటే గంటకు 37 రూపాయల 50 పైసలు. ఏ డిగ్రీ లేకుండా, ఏ నైపుణ్యం అడగకుండా కట్టిన ధర అది. మీ గంటకు కనీసం ఆ ధరైనా కట్టుకోండి.

అయితే నిజాయితీగ ఒక ప్రశ్న వేసుకోండి. "ఈ గంట ఈ బోర్డు మీద పెట్టకపోతే నేనేం చేస్త?" రీల్స్ చూస్త అనేదే మీ జవాబైతే, కూర్చుని సోల్డరింగ్ చేయండి. ధైర్యంగ చేయండి. దానికి ఏ లెక్కా అక్కర్లేదు. కానీ జవాబు "పరీక్షకు చదవాలె" అయితే, ఆ గంట చాలా పిరం.

నాకు ఆ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. ఏది పోయిందో చెప్పనా? ఎలక్ట్రికల్ మెషీన్స్. (నవ్వు) మోటారు పాఠమే. మోటారు డబ్బ చేస్తూ మోటారు పాఠం తప్పిన.

చెరుకు పనులు, పసుపు పనులు

మా దిక్కు వాళ్లకు ఇట్ల చెప్తే తొందరగ అర్థమైతది.

చెరుకు కోసిన తర్వాత ఆగదు. కోసిన గంట నుంచే అందులో తీపి తగ్గటం మొదలైతది, ఎండకు బరువు కూడా తగ్గుతది. అందుకే కోతకు పర్మిట్, లారీ, మిల్లు అన్నీ సరిచూసుకునే కొడవలి పట్టాలె. పసుపు అట్ల కాదు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించినంక కొమ్ము నెలల తరబడి ఉంటది. ధర లేకపోతే ఆపుకుని, ధర వచ్చినప్పుడు నిజామాబాద్ యార్డుకు తోలొచ్చు.

మన పనులు కూడా అంతే. పరీక్ష, ఉద్యోగం నోటిఫికేషన్, నాట్ల సీజన్, ఇంట్ల ఒకరి ఆరోగ్యం, ఇవి చెరుకు పనులు. ఆ రోజు దాటితే తీపి పోతది. పాత స్పీకర్లకు బ్లూటూత్ బోర్డు పెట్టటం, ఎల్ఈడీ గడియారం చేయటం, ఇవి పసుపు పనులు. వచ్చే నెల చేసినా కొమ్ము కొమ్మే.

నేను చేసిన తప్పు ఏందంటే, బాపుకు చెరుకు పనిని నేను పసుపు పని లెక్క చూసిన. "పది రోజులాగు, ఇంకో వారమాగు" అన్న. ఆయనకు మాత్రం ప్రతి రాత్రీ పోక తప్పలే.

లెక్కలో లేని గంటలు

ఇంటి నుంచి బోరు దాకా పోయి రావటానికి బాపుకు నలభై నిమిషాలు. నేను డబ్బ చేసిన పది వారాలు, అంటే 70 రాత్రులు. లెక్క వేస్తే 46 గంటల పైనే. అవి నా 92 గంటల్లో లేవు. ఎవరూ రాయలే ఆ గంటలు. మొదటి రోజే 3,500 పెట్టి కొని ఉంటే ఆ 70 రాత్రులు ఆయన ఇంట్ల పడుకునేటోడు.

సొంతంగ చేసేటప్పుడు మన టైం ఒక్కటే ఖర్చు కాదు. మన కోసం ఎదురుచూసేవాళ్ల టైం కూడా ఖర్చే. అమ్మ మిక్సీ విప్పి పెట్టి పార్టు కోసం నెల రోజులు ఆగితే, ఆ నెల రోలు దంచేది మనం కాదు.

నాలుగో సంగతి: మోటారు కాలటం

డిసెంబర్ చివర్ల డబ్బ బిగించిన. ఫోన్ చేస్తే మోటారు తిరిగింది. బాపు మొహంల సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దానికి నేను ఇంకో తెలివి కూడా పెట్టిన. కరెంటు పోయి వస్తే దానంతట అదే ఆన్ అయ్యేటట్టు ఆటో మోడ్.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగతా రెండింటి మీద లాగుతది, ఎక్కువ కరెంటు గుంజుతది, వైండింగ్ వేడెక్కి మాడిపోతది. దాన్ని ఆపటానికే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంటది. నా వైరింగులో నేను దాన్ని తెలియకుండ బైపాస్ చేసిన. ఒక రాత్రి ఒక ఫేజు పోయింది. పొద్దున బాపు పోయి చూస్తే వాసన.

రీవైండింగ్‌కు 4,200 అయింది. మిగిలిన 1,150 పోను 3,050 నష్టం. దాన్ని 92తో భాగిస్తే, గంటకు 33 రూపాయలు నేనే ఎదురిచ్చి పని చేసినట్టు.

ఇది కాక ఇంకోటి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. రాత్రి పోవాల్సిన అవసరమే తగ్గిపోయింది. ఆటో స్టార్టర్లు తీసేయాలని కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్లు ఊరూరా చెప్పిండ్రు. ఎందుకంటే కరెంటు రోజంతా ఉంటే ఆటోలో పెట్టిన మోటారు ఆగకుండ తోడుతది, భూమిల నీళ్లు అడుగంటుతయి. నేను ఎంతో మురిసిపోయి పెట్టిన ఆటో మోడే ఇప్పుడు తీసేయాల్సింది అయింది. ఒక సమస్య ఎన్నాళ్లుంటదో చూడకుండ పరిష్కారానికి నెలలు పెడితే ఇట్లనే అయితది.

నాకు భయమైంది, బాపు తిడతడని. ఆయన తిట్టలే. ఒక్క మాట అన్నడు. "పైసలు పోతే పోనీ బిడ్డా. ఆలస్యమైతదని ఒక మాట ముందే చెప్పాల్సింది, నేను కొనుక్కుందును."

మనకెందుకు ముందే తెలియదు?

పది రోజులనుకుంటే పది వారాలు ఎందుకైతది? ఇది మనొక్కరి జబ్బు కాదు. మనుషులు తమ పనికి పట్టే టైంను ఎప్పుడూ తక్కువ అంచనా వేస్తరని కాన్‌మన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజీ పండితులు 1979లోనే రాసిండ్రు. మన ఊహల్ల అన్నీ సరిగ్గా జరిగే రోజే కనిపిస్తది. మాడ్యూల్ కాలే రోజు కనిపించదు.

ఇంకోటి, మన చేత్తో చేసిన వస్తువు మనకు బంగారం లెక్క కనిపిస్తది. దీని మీద నార్టన్, మోచన్, ఏరియలీ అని ముగ్గురు పరిశోధన చేసి "ఐకియా ఎఫెక్ట్" అని పేరు పెట్టిండ్రు. హైదరాబాద్‌ల కూడా ఉంది కదా, సామాను తెచ్చి మనమే బిగించుకునే ఆ షాపు పేరే. తాము మడతపెట్టిన కాగితం బొమ్మకు, తాము బిగించిన పెట్టెకు జనం ఎక్కువ ధర కట్టిండ్రు. కాబట్టి మీ డబ్బ ఎంత మంచిదో మిమ్మల్ని మీరే అడగొద్దు, వాడేవాళ్లను అడగండి.

మరి చేయొద్దా?

ఆగండి, నేను అట్ల అంటలేను. ఇంకో వైపు కూడా చూద్దాం.

చింతకింది మల్లేశం గారి పేరు విన్నరు కదా. ఆలేరు దగ్గర శారాజిపేట ఆయనది. పోచంపల్లి చీరకు ఆసు పోయటానికి వాళ్ల అమ్మ చేయి వేల సార్లు ముందుకు వెనుకకు ఆడించాలె. ఒక్క చీరకు గంటల తరబడి, దాదాపు తొమ్మిది వేల సార్లు. భుజం పోయేది. ఆరో తరగతితో చదువు ఆగిన మనిషి, 1992లో యంత్రం మొదలుపెట్టి 1999కి పూర్తి చేసిండు. ఏడేళ్లు! చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చిండ్రు.

మరి నా లెక్క ప్రకారం ఏడేళ్లు దండుగ కదా? కాదు. మూడు తేడాలు చూడండి. ఒకటి, షాపులో ఆ యంత్రం లేదు, కొనే దారే లేదు. రెండు, ఆ పని రోజూ ఉంటది, ఏళ్ల తరబడి ఉంటది. మూడు, అది ఒక్క ఇంటి బాధ కాదు, ఎన్నో ఇండ్ల బాధ. నా డబ్బకు ఈ మూడింట్ల ఒక్కటి కూడా లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలె. నా 92 గంటలు మొత్తం నష్టం కాదు. పవర్ సమస్య మీద పోయిన ఆ 18 గంటలు నాకు ఇప్పటికీ అన్నం పెడుతున్నయి. ఇవాళ ఎవరైనా "అన్నా, జీఎస్ఎం డబ్బ ఊరికూరికే రీసెట్ అయితుంది" అంటే మల్టీమీటర్ పెట్టకముందే నాకు తెలుస్తది. అది నేర్చుకున్న టైం. కానీ కోఠి బస్సులో కూర్చున్న 11 గంటలు నేర్చుకున్న టైం కాదు. ఒకే రకం వీడియోలు ఇరవై చూసిన టైం కూడా కాదు. "నేర్చుకున్న కదా" అని అన్ని గంటలనూ ఆ ఖాతాల వేయకండి. అదే డబ్బ రెండోసారి చేస్తే అందులో నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు.

సరదాకు చేస్తే? ఇంకా మంచిది. క్రికెట్ ఆడినందుకు గంటకు ఎంత మిగిలిందని ఎవరైనా లెక్కేస్తరా? కానీ అమ్మతో "పైసలు మిగులుస్తున్న" అని చెప్పి, లోపల సరదా కోసం చేస్తే, ఆ అబద్ధం మొదట మనకే దెబ్బ.

మొదలుపెట్టే ముందు ఐదు ప్రశ్నలు

1. ఇది షాపులో దొరుకుతదా? ఎంతకు? వారంటీతో కలిపి చూడండి.
2. నేను అనుకున్న గంటలను మూడుతో గుణిస్తే ఎంత? అప్పటికీ చేయాలనిపిస్తే చేయండి.
3. దీని కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నరా? చూస్తుంటే వాళ్లకు ఒక తేదీ చెప్పండి. ఆ తేదీ దాటితే కొనేయండి.
4. ఈ సమస్య ఇంకా ఎన్నాళ్లుంటది?
5. తప్పైతే ఏం కాలుతది? వంద రూపాయల బోర్డా, మోటారా, మనిషా?

ఐదో దానికి జవాబు మోటారో, మనిషో అయితే ఇక లెక్క అక్కర్లేదు. మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు. అక్కడ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాలె, కంపెనీ ప్యానెల్ ఉండాలె, ఎర్తింగ్ ఉండాలె.

బోధన్ తమ్ముడూ, నా సలహా ఇది. స్టార్టర్ కొను. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉన్నది కొను. నీకు చేయాలని ఆశ ఉంటే పక్కన చిన్న బోర్డుతో నేల తడి చూపించే సెన్సర్ చెయ్యి. తప్పైనా ఏమీ కాలదు, ఎవరూ ఆగరు, కొత్తది నేర్చుకుంటవు. అమ్మినోనికి ప్రమాదం ఉన్న పని ఇచ్చెయ్, నీకు ఆసక్తి ఉన్న పని ఉంచుకో.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్త. ఆ డబ్బ ఇప్పటికీ ఉంది. బాపు పారేయలే. లోపల బోర్డు తీసేసి మొలలు, స్క్రూలు వేసుకున్నడు. బోరు దగ్గర మాత్రం షాపులో కొన్న స్టార్టర్ ఉంది. దాన్ని నా మొదటి జీతంతో కొన్న.

మీరు ఏదైనా సొంతంగ చేసి ఉంటే, ఇవాళ ఒక్క పని చేయండి. దానికి పట్టిన గంటలు ఒక కాగితం మీద రాయండి. ఎదురుచూసినవాళ్ల గంటలు కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో నేల తడి సెన్సర్ మొదటి నుంచి చేద్దాం. ఎంత టైం పడుతదో ముందే చెప్త, మూడుతో గుణించే చెప్త.

ఉంట మరి. జాగ్రత్త.